ఇంట టెలిఫోను తీగ లేకున్నను ఫ్యాక్స్ పంపు విధానము

నేడు మన గ్రామములలో సెల్ ఫోను లేని ఇల్లు అరుదు. పాత తీగ టెలిఫోను ఉన్న ఇల్లు అంతకన్న అరుదు. కొన్ని ఇండ్లకు ప్రింటరు కూడ వచ్చినది. అయినను ఫ్యాక్స్ పంపవలసిన అవసరము పూర్తిగా తొలగిపోలేదు. అమెరికాలోని పెక్కు వైద్యశాలలు రోగుల కాగితములను నేటికిని ఫ్యాక్స్ ద్వారా పుచ్చుకొనుచున్నవి. అచ్చట నివసించు కుమార్తెకు చికిత్స చేయు వైద్యుడు, ఇచ్చట లోగడ జరిగిన శస్త్రచికిత్స పత్రములను ఫ్యాక్స్ చేయుడని కోరినచో, ఊరిలోని తల్లిదండ్రులు ఏమి చేయవలెను?

మొదట ఫ్యాక్స్ పనిచేయు తీరును తెలిసికొందము. స్కాట్లండు దేశీయుడు, గడియారముల పనివాడు అగు అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. నేటి యంత్రములు అనుసరించు ప్రమాణము 1980లో ఏర్పడినది. యంత్రము కాగితమును సన్నని వరుసలుగా చూచి, ఒక్కొక్క వరుసను 1728 నలుపు తెలుపు చుక్కలుగా విడదీయును. వానిని ధ్వనులుగా మార్చి టెలిఫోను లైనుపై పంపును. అవతలి యంత్రము ఆ ధ్వనులను మరల చుక్కలుగా మార్చి అచ్చువేయును.

ఈ ధ్వనులను సెల్ ఫోను కాల్ ద్వారా ఏల పంపరాదు? సెల్ ఫోను మనుష్యుల కంఠస్వరమునకు అనువగునట్లు శబ్దమును కుదించి పంపును. మాట అర్థమగును గాని ఫ్యాక్స్ ధ్వనులు చెడిపోవును. ఫైబర్ కనెక్షనుతో వచ్చు టెలిఫోనులో కూడ చిక్కులు కలుగవచ్చును. వానిని తొలగించుటకు 1998లో టి.38 అను పద్ధతి వచ్చినది. అది తమ కనెక్షనులో గలదో లేదో కంపెనీవారిని అడుగవలెను.

వీనికన్న సులభమైన మార్గము ఇంటర్నెట్ ఫ్యాక్స్ సేవ. ప్రింటరులోని స్కానరుతో కాగితములను పి.డి.ఎఫ్. ఫైలుగా తీసి, నంబరుతో సహా ఆ సేవవారికి ఇంటర్నెట్ ద్వారా అందజేయవలెను. వారు తమ లైనుపై అవతలి యంత్రమునకు పంపుదురు. అనగా లైను అవసరమే, కాని అది మన ఇంట ఉండనక్కరలేదు.

ఈ పనిలో పాటింపవలసిన జాగ్రత్తలు ఇవి:

1. ఈ-మెయిలు గాని, వైద్యశాల వెబ్‌సైటు గాని చాలునేమో ముందుగా అడుగవలెను. చాలినచో ఫ్యాక్స్ అక్కరలేదు.

2. అమెరికా నంబరునకు ముందు దేశపు సంకేతము 1, తరువాత పది అంకెలు ఉండును. ఒక్క అంకె తప్పినను రోగి రహస్యము పరుల చేతబడును. నంబరును వ్రాతమూలముగా తెప్పించుకొనుట మేలు.

3. పెన్సిలు వ్రాత, లేత రంగు ముద్రలు ఫ్యాక్స్‌లో కనబడకపోవచ్చును. నలుపు తెలుపులో స్కాన్ చేసి, పంపకమునుపే తెరపై చదివి చూడవలెను.

4. ముఖపత్రముపై ఎవరికి, ఎవరినుండి, ఎన్ని పుటలు అను వివరములు చాలును. రోగము సంగతి అందు వ్రాయరాదు. అమెరికాలో తేదీలయందు నెలను ముందు వ్రాయుదురు గనుక, తేదీ వేయునపుడు నెలపేరును అక్షరములలో వ్రాయవలెను.

5. ఉచిత సేవలలో పుటల పరిమితి ఉండవచ్చును. కొన్ని విదేశములకు పంపకపోవచ్చును. కాగితముల ప్రతులు సేవవారి కంప్యూటరులో ఎంతకాలము నిలుచునో, వానిని తొలగించు వీలు గలదో లేదో చూచి ఎన్నుకొనవలెను.

6. పంపిన పిమ్మట వచ్చు ధ్రువీకరణను భద్రపరుపవలెను. అది యంత్రమునకు చేరినదనియే తెలుపును. వైద్యుని చేతికి అందినట్లు కాదు. కనుక కుమార్తె వైద్యశాలకు ఫోను చేసి, అన్ని పుటలు అందినవో లేదో విచారింపవలెను.

కంప్యూటరు నేర్చిన యువకులు ఈ విషయమున ఊరి పెద్దలకు తోడ్పడవలెనని మా మనవి. చికిత్సకు కావలసిన కాగితము వేళకు అందుట ఎంత ముఖ్యమో, పరుల కంటబడకుండుటయు అంత ముఖ్యము.