జర్మనీలో పరిశోధన: ధరలకంటే ముందు చూడాల్సిన కాగితం

పీహెచ్‌డీకో పోస్ట్‌డాక్‌కో జర్మనీ వెళ్లేవాళ్లు వీసా తేదీ దగ్గరపడగానే ఇన్సూరెన్స్ ధరలు పోల్చడం మొదలుపెడతారు. అక్కడ మొదలుపెట్టకండి. ముందు మీ సంస్థ పంపిన ఉత్తరం తీసి, మీకొచ్చే డబ్బును అందులో ఏమన్నారో చూడండి. 'అర్బైట్స్‌ఫెర్‌ట్రాగ్' అని ఉంటే ఉద్యోగ ఒప్పందం, 'స్టిపెండియం' అని ఉంటే స్కాలర్‌షిప్. ఒకే ల్యాబ్‌లో పక్కపక్కన కూర్చుని ఒకే పని చేస్తున్న ఇద్దరికి ఈ తేడాతోనే బీమా పూర్తిగా వేరైపోతుంది.

ఒప్పందం ఉంటే దారి సులువు. ఏడాది జీతం ఒక పరిమితి దాటనంతవరకు పబ్లిక్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2025లో ఆ పరిమితి 73,800 యూరోలు. పీహెచ్‌డీ జీతం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. కాబట్టి మీరు ఎంచుకోవాల్సింది బీమా సంస్థను మాత్రమే: టెక్నికర్, ఏఓకే, బార్మర్, డీఏకే వగైరా. వైద్య సదుపాయాల్లో అత్యధిక భాగాన్ని చట్టమే నిర్ణయిస్తుంది గనుక వాటి మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. ఎక్కువగా మారేది మూల చందాపై ఒక్కో సంస్థ వేసే అదనపు చందా. జర్మన్ ఇంకా రానివాళ్లు ఆ చందా కాస్త ఎక్కువైనా సరే, ఫోన్‌లో ఇంగ్లిష్‌లో జవాబు చెప్పే సంస్థనే తీసుకోవాలంటాను. జ్వరంతో పడుకున్నప్పుడు ఆ సదుపాయం విలువ తెలుస్తుంది. ఎంచుకున్న సంస్థ పేరును ఉద్యోగంలో చేరిన రెండు వారాల్లోగా హెచ్‌ఆర్‌కు చెప్పాలి, లేదంటే వాళ్లే ఒకటి ఎంచి చేర్చేస్తారు.

ఖర్చు లెక్క చూద్దాం. నెలకు 3,000 యూరోల జీతం, పిల్లలు లేరు, వయసు 23 దాటింది అనుకోండి. 2025 రేట్ల ప్రకారం మూల చందా 14.6 శాతం, అదనపు చందా సగటున 2.5 శాతం. రెండూ కలిపితే 17.1 శాతం. ఇందులో సగం యజమాని కడతారు, మీ వాటా 256 యూరోల 50 సెంట్లు. దీర్ఘకాల సంరక్షణ బీమాకు ఇంకో 72 యూరోలు పోతాయి. అంతా జీతంలోంచే కోత.

మొదటి పే స్లిప్ చూసి ఇంత పోయిందా అనిపిస్తుంది. కానీ మన దేశంలోలాగా 'ఐదు లక్షల పాలసీ' అనే హద్దు అక్కడ లేదు. చేరేటప్పుడు షుగర్ ఉందా, థైరాయిడ్ ఉందా అని అడగరు. ఉన్నా చందా పెరగదు. ఆదాయం లేని భార్యకో భర్తకో, పిల్లలకో విడిగా చందా లేదు. డాక్టర్ రాసిన మందుకు సాధారణంగా 5 నుంచి 10 యూరోలు, ఆసుపత్రిలో ఉంటే రోజుకు 10 యూరోల చొప్పున ఏడాదికి గరిష్ఠంగా 28 రోజులకు మీరు కట్టాలి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే మేలైన బేరం దొరకదు.

చిక్కంతా స్టిపెండియం దగ్గరే. జర్మన్ అకడమిక్ ఎక్స్ఛేంజ్ సర్వీస్ (డాడ్, DAAD) స్కాలర్‌షిప్ అయితే బీమా వాళ్లే ఏర్పాటు చేస్తారు, మళ్లీ కొనక్కర్లేదు. మిగతావాళ్లలో ఇంతకుముందు అక్కడ పబ్లిక్ ఇన్సూరెన్స్‌లో లేనివాళ్లకు ఆ తలుపు చాలావరకు మూసే ఉంటుంది. యూనివర్సిటీలో పేరు నమోదైంది కదా, విద్యార్థుల చవక రేటు వస్తుందని చాలామంది అనుకుంటారు. పీహెచ్‌డీ వాళ్లకు అది వర్తించదు. ఇక మిగిలేది ప్రైవేటే.

ప్రైవేట్‌లో చవగ్గా కనిపించేవి విదేశీ అతిథుల కోసం చేసిన తాత్కాలిక పాలసీలు. కొనేముందు మినహాయింపుల పేజీని వాక్యం వదలకుండా చదవండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు చెల్లిస్తారా? గర్భం, ప్రసవం ఉన్నాయా, ఉంటే ఎన్ని నెలల తర్వాత? మానసిక వైద్యం ఉందా? పీహెచ్‌డీ నడిమధ్యలో దాని అవసరం ఎంతమందికి పడుతుందో ల్యాబుల్లో ఉన్నవాళ్లకు తెలుసు. గరిష్ఠ కాలం ఎంత? చాలా పాలసీలు ఐదేళ్లు దాటవు. నివాస పర్మిట్ పొడిగించే కార్యాలయం వీటిలో కొన్నింటిని చాలవని తిప్పి పంపుతుంది. అందుకే డబ్బు కట్టకముందే ఆ కార్యాలయాన్నో, యూనివర్సిటీ అంతర్జాతీయ విభాగాన్నో అడగండి. దరఖాస్తులో పాత జబ్బు దాచకండి, తర్వాత తెలిస్తే పాలసీనే రద్దు చేయవచ్చు. డాక్టర్ బిల్లు ముందు మీరే కట్టి తర్వాత రాబట్టుకోవాల్సి వస్తుంది కాబట్టి చేతిలో కొంత డబ్బు ఉంచుకోండి.

వీటన్నిటికంటే ముందు చేయదగ్గ పని ఇంకొకటుంది. స్టిపెండియం బదులు ఒప్పందం ఇవ్వగలరా అని ప్రొఫెసర్‌ను అడగడం. మొహమాటపడకండి, ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. మాక్స్ ప్లాంక్ సొసైటీ 2015లోనే పీహెచ్‌డీ పరిశోధకులకు స్టిపెండియంల స్థానంలో ఒప్పందాలు ఇచ్చే పద్ధతికి మారింది.

విమానం దిగిన రోజుకూ ఒప్పందం మొదలయ్యే రోజుకూ మధ్య ఖాళీ ఉంటే, ఆ రోజులకు ప్రయాణ బీమా తీసుకోండి. పురుడు పోయడానికో, చూసిపోవడానికో వచ్చే అమ్మానాన్నలు మీ కుటుంబ బీమాలోకి రారు. వాళ్ల షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా విడిగా కావాలి. బీపీ, షుగర్ ఉన్న పెద్దలైతే ఆ పాలసీలో పాత జబ్బుల షరతు చూశాకే టికెట్లు కొనండి.

పని ముగించుకుని ఇంటికి వచ్చేటప్పుడు నగర కార్యాలయంలో చిరునామా రద్దు చేయించుకుని, ఆ పత్రం బీమా సంస్థకు పంపాలి. పబ్లిక్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటు దానంతటదే ఆగిపోదు. మీరు వెళ్లిపోయారని తెలియకపోతే సభ్యత్వం కొనసాగుతున్నట్టే లెక్కగట్టి, ఈసారి చందా మొత్తం మిమ్మల్నే అడుగుతారు.