తన వేడినే చెప్పు సాధనము

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అయస్కాంత నానోకణములచేత దేహాంతర్భాగపు ఉష్ణోగ్రతను తాకకుండగనే కొలుచు పరిశోధనలో చేరితినని నీవు వ్రాసిన జాబును రెండుసారులు చదువుకొని మిక్కిలి సంతసించితిని. ముప్పదియేండ్లు భౌతికశాస్త్రము బోధించిన నేను నీకు చెప్పదలచినది ఒక్కటే: ఉష్ణమాపకము ఎల్లప్పుడును తన వేడినే చెప్పును, అదియే మనము కోరిన వస్తువు వేడియని నిరూపించు భారము మనది.

ఉద్యోగమున చేరిన క్రొత్తలో, పిల్లలయెదుట నీరు మరగించుచు, పాదరసపు బల్బు బీకరు అడుగును తాకుచుండుట గమనింపక, నూరు డిగ్రీలు దాటిన అంకెను నల్లబల్లపై వ్రాసితిని. గాజునాళిక తానున్న చోటి వేడిని ఉన్నదున్నట్లు చెప్పినది. దానిని నీటివేడి యని చదివిన తప్పు నాది.

నీ సాధనపు తత్త్వము మనోహరమైనది. పది, ఇరువది నానోమీటర్ల ఐరన్ ఆక్సైడు కణములుగల నల్లని ద్రవమును ఏకాంతర అయస్కాంతక్షేత్రమున నుంచినపుడు, క్షేత్రము కణముల అయస్కాంతత్వమును ఒక్కదిక్కునకు త్రిప్పబోవ, వేడిమి చెదరగొట్టుచుండును. పరమాణువుల విషయమున 1905లో పాల్ లాంజెవిన్ గణితరూపమొసగిన యీ పెనుగులాటయే ఇచ్చటను సాగి, వెలుపలి తీగచుట్టకు అందు సంకేతమున మూలపౌనఃపున్యమునకు మూడింతలు, అయిదింతలుగల అనుస్వరములను పుట్టించును. కణము లెన్ని యున్నను ఆ రెండును ఒక్కపాళముననే హెచ్చి తగ్గును గనుక, అయిదవదానిని మూడవదానిచే భాగించినచో కణముల సంఖ్య కొట్టుడుపోయి, ఉష్ణోగ్రతయొక్క జాడ మిగులును; వేడి పెరిగినకొలది ఆ నిష్పత్తి తరుగును. అమెరికాలోని డార్ట్‌మత్‌లో జాన్ వీవరును, ఆయన సహచరులును 2009లో ఈ మార్గమును ప్రకటించిరి.

అయినను, తల్లీ, ద్రవము చిక్కబడినను, కణములు ప్రోటీనుల నంటుకొన్నను, వాని తిరుగుడు మందగించి అదే నిష్పత్తి మారును. అపుడు చిక్కదనపు మార్పును వేడిమార్పని భ్రమింతువు. కావున, లోహపు తీగల ఉష్ణమాపకము ఆ క్షేత్రమున తానే వేడెక్కును గనుక దానిని విడిచి, ఆప్టికల్ ఫైబరు మాపకమును ద్రవమున ముంచి, రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాయుము. చిక్కదనము మార్చి మరల కొలువుము. పౌనఃపున్యము మార్చి మరల కొలువుము. కంతిని 42 మొదలు 46 డిగ్రీలవరకు వేడిచేసి క్షీణింపజేయు చికిత్సలో, మాపకమును గ్రుచ్చినచోటి వేడి మాత్రమే తెలియుచున్న వైద్యునికి, రేపు నీ అంకెయే కన్ను కాగలదు. అది రెండుమూడు డిగ్రీలు తప్పినచో కంతియైనను మిగులును, ప్రక్కనున్న మంచికండయైనను చెడును.

నీ చిన్ననాట జ్వరము తగిలినపుడు, మీ అమ్మమ్మ నీ నుదుట చేయివేసి, వెంటనే తన నుదుటను వేసికొని చూచి, పిమ్మటనే మాట చెప్పెడిది. తాకకుండ కొలుచుట నేర్చుచున్న నీవు, ఆమె రెండవమారు చేయివేసిన కారణమును మాత్రము మరువకుము.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య