నాలుగో పొగగొట్టం

మద్రాసులో మాధవరం పాల్ పణ్ణై చుట్టుపక్కల, లారీ టెర్మినల్ వెనక వీధుల్లో రాత్రి పది దాటాక నడిస్తే, కొన్ని గుమ్మాల ముందు ఒక జత మగవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. పెద్ద సైజువి, మడమ దగ్గర అరిగినవి. చూసినవాళ్ళు లోపల మగమనిషి ఉన్నాడనుకుంటారు. లేడు కనుకే అవి అక్కడున్నాయి. ఆయన ఆ వేళకి గుమ్మిడిపూండి దాటి నెల్లూరు రోడ్డు మీద బండి తోలుతూ ఉంటాడు, లేదంటే ఏ కంపెనీలోనో నైట్ షిఫ్టులో ఉంటాడు. లోపల ఆవిడ, పిల్లలు, గొళ్ళెం.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ధైర్యం గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. నాకు మాత్రం ఆ చెప్పుల జత మీదే గురి. ఎందుకో చెప్పాలంటే ఈ నగరం ఒకప్పుడు చూసిన ఒక పెద్ద దొంగ దగ్గరికి వెళ్ళాలి.

1914 సెప్టెంబర్ 22 రాత్రి. ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక చడీచప్పుడు లేకుండా మద్రాసు తీరానికి వచ్చి, రేవు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుళ్ళ వర్షం కురిపించింది. నూరుకు పైగా గుళ్ళు. కిరసనాయిలు భగ్గున మండింది. ఒడ్డునున్న ఫిరంగులు తేరుకుని జవాబిచ్చేసరికి ఓడ చీకట్లో కలిసిపోయింది. జనం మూటాముల్లే సర్దుకుని ఊరు విడిచారు. తమిళంలో జిత్తులమారిని ఇప్పటికీ ‘ఎమ్డన్’ అంటారు. మద్రాసు తెలుగువాళ్ళకి ఆ మాట కొత్తేమీ కాదు.

ఆ ఓడ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ దగ్గర ఒక చిట్కా ఉండేది. ఎమ్డెన్‌కి మూడు పొగగొట్టాలు. దాన్ని వేటాడుతున్న బ్రిటిష్ ఓడల్లో యార్మత్ వంటివాటికి నాలుగు. అందుకని నావికులు కట్టెతో, గుడ్డతో ఒక దొంగ పొగగొట్టం కట్టారు. కావలసినప్పుడు నిలబెట్టడం, అక్కర్లేనప్పుడు దించేయడం. ఆ వేషంతోనే అక్టోబర్ 28న పెనాంగ్ రేవులోకి దర్జాగా నడిచి వెళ్ళి, అక్కడున్న రష్యన్ యుద్ధనౌకను ముంచేసింది. గుమ్మం ముందు చెప్పులకీ దీనికీ సూత్రం ఒకటే. చూసేవాడు తన ఊహతో మిగతాది తనే కట్టుకుంటాడు. అబద్ధం ఎంత చిన్నదైతే అంత గట్టిగా నిలుస్తుంది.

అయితే ఈ కథలో నాకు నచ్చిన భాగం ఇక్కడ లేదు, తర్వాత ఉంది. నవంబర్ 9 తెల్లవారుజామున ఎమ్డెన్ హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవుల దగ్గరికి వచ్చింది, అక్కడి తంతి స్టేషన్‌ను పాడుచేద్దామని. స్టేషన్‌లో పనిచేసేవాళ్ళు గుప్పెడుమంది. వచ్చిన ఓడకి నాలుగు పొగగొట్టాలున్నాయి. కానీ వాళ్ళు కంగారుపడకుండా పరకాయించి చూశారు: నాలుగోది గుడ్డది. జర్మన్లు పడవల్లో ఒడ్డుకి చేరేలోపే, ఎమ్డెన్ వచ్చింది కాపాడమని వైర్‌లెస్‌లో కబురు పంపేశారు. అటునుంచి ఎమ్డెన్ ఆ కబురును చెరపడానికి చూసింది గానీ అప్పటికే పోవలసిన చోటికి పోయింది.

ఆ పైన ఏం చేశారో చూడండి. తుపాకులతో వచ్చినవాళ్ళకి ఎదురు తిరగలేదు. సరే బాబూ, మీ పని మీరు చేసుకోండన్నట్టు నిలబడ్డారు. వైర్‌లెస్ స్తంభాన్ని కూల్చబోతుంటే, దయచేసి మా టెన్నిస్ కోర్టు మీద మాత్రం పడెయ్యకండి అని అడిగారు. వాళ్ళూ పాపం సరేనని పక్కకి పడేశారు! మూడు గంటలు గడిచేసరికి ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ దిగబడింది. ఆ రోజుతో ఎమ్డెన్ కథ ముగిసింది. అంత పెద్ద ఓడ పట్టుబడింది ఒక్క కబురుతో, కబురు పంపిన సంగతి మొహంలో కనపడనివ్వని గుప్పెడుమంది నిదానంతో.

మన తెనాలి రామకృష్ణుడి బావి కథ పిల్లలందరికీ తెలుసు. పెరట్లో దొంగలు నక్కి ఉన్నారని పసిగట్టి, భార్యతో పైకి వినపడేలా ఊళ్ళో దొంగల భయంగా ఉంది, నగల పెట్టె బావిలో పడేద్దామని చెప్పి, రాళ్ళ పెట్టె దబ్బున పడేశాడు. తెల్లవార్లూ దొంగలు నీళ్ళు తోడారు, తోట తడిసింది. మనం నవ్వేది తోట తడిసినందుకు. నేను పెద్దయ్యాక గమనించింది వేరే. ఆ ఒక్క మాటతో దొంగల చూపు ఇంటి మీంచి పెరటి మీదికి, మనుషుల మీంచి బావి మీదికి పోయింది. వాళ్ళ ఆశని అలాగే ఉండనిచ్చి, దాని దారి మాత్రం మళ్ళించాడు. “ఎవడ్రా అది?” అని కేకపెట్టి ఉంటే చీకట్లో కత్తులు బయటికి వచ్చేవేమో.

బొంకుకి వినేవాడు కూడా తెలివైనవాడై ఉండాలి. 2019 నవంబర్‌లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఒకామె అత్యవసర నంబరుకి ఫోన్ చేసి పిజ్జా కావాలంది. ఇంట్లో ఆమె తల్లిని ఒక మనిషి కొడుతున్నాడు. ఫోన్ ఎత్తినాయన మొదట తప్పు నంబరనుకున్నాడు. ఆమె పట్టు విడవకపోవడంతో సంగతి అర్థమైంది. ఆపైన అవును, కాదు అని చెబితే సరిపోయే ప్రశ్నలే వేశాడు. పోలీసులకి సైరన్ ఆపేసి వెళ్ళమని చెప్పాడు. నిందితుడు దొరికాడు. ఆమె తెలివికి ఎన్ని మార్కులు వేస్తామో ఆయన చెవికీ అన్ని వెయ్యాలి.

మన ఇళ్ళలో ఆ చెవిని ముందే తయారు చేసుకోవచ్చు. పక్కింటి అక్కతో ఒక మాట అనుకుని ఉంచుకోండి. “అక్కా, మీ ఇడ్లీ పాత్ర తీసుకెళ్ళండి” అని ఫోన్ చేస్తే, ఇంట్లో ఏదో జరుగుతోంది, మనుషుల్ని పోగుచేసి 112కి ఫోన్ చెయ్యమని అర్థం. తెలుగులో మాట్లాడితే దొంగకి అర్థం కాదులే అని మాత్రం ధీమాగా ఉండకండి. మాధవరం రౌండ్‌టానా దగ్గర తెలుగు రానివాణ్ణి వెతకడం కష్టం! 2018లో కొత్త బస్టాండు వచ్చి ఆంధ్రా బస్సులు ఇక్కడి నుంచి కదలడం మొదలయ్యాక మరీ కష్టం.

మధ్యాహ్నం వేళ గ్యాస్ చెక్ చెయ్యాలనో, పార్సిల్ అనో కొత్తమనిషి తలుపు కొడితే, ఖాళీ గదివైపు తిరిగి “ఏవండీ, ఎవరో వచ్చారు, ఓసారి చూడండి” అనడం మన ఆడవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన విద్యే. చాలామంది తప్పేది ఆ తర్వాతి క్షణంలో. మాట అన్నాక జవాబు కోసం చెవి పెట్టినట్టు ఆగాలి. ఆగకుండా, “మా ఆయన పోలీసు, ఆయన అన్న లాయరు” అని కలుపుకుంటూ పోతే వినేవాడికి గుట్టు తెలిసిపోతుంది. ఇలాంటి మాట అవసరం పడ్డ రోజున నోట రావాలంటే, ఏ అవసరమూ లేని రోజున రెండుసార్లు పైకి అని చూసుకోవాలి. నవ్వొస్తుంది, రానివ్వండి. సమయస్ఫూర్తి అని మనం మెచ్చుకునేదాంట్లో ముప్పాతిక వంతు ఇలా ముందే వండిపెట్టుకున్నదే.

లోపలికే వచ్చేశాడనుకోండి. పోలీసులొస్తున్నారని బెదిరిస్తే వాడికి పిచ్చెక్కవచ్చు. “మా తమ్ముడు కింద బండి పెడుతున్నాడు, వచ్చేస్తాడు” అంటే వాడి మనసు గుమ్మం వైపు పోతుంది. ఆ గుమ్మానికి మీరు అడ్డం నిలబడకూడదు. పారిపోవడానికి దారి లేనివాడు పొడవడానికీ వెనకాడడు. తెలిసిన మొహమే అయినా “నువ్వు ఫలానావాడివి కదూ” అని మాత్రం అనొద్దు. అది తెలివి అనిపించుకోదు, చావు కొనితెచ్చుకోవడం.

2019 ఆగస్టులో అప్పటి తిరునెల్వేలి జిల్లా కడయంలో ముసుగు దొంగలు కొడవళ్ళతో వస్తే వృద్ధ దంపతులు చెప్పులు, ప్లాస్టిక్ కుర్చీలు విసిరి తరిమేశారు. ఆ వీడియో దేశమంతా చూసింది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు ముఖ్యమంత్రి వాళ్ళని సత్కరించారు. హైదరాబాద్ బేగంపేటలో 2024 మార్చిలో నాటు తుపాకీతో వచ్చినవాళ్ళని తల్లీకూతుళ్ళు ఎదిరించారు. వాళ్ళకి దండం పెడతాను. కానీ దాన్ని పాఠంగా చెప్పను. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు గొలుసు తీసి ఇచ్చెయ్యడమే తెలివి. బంగారం మళ్ళీ చేయించుకోవచ్చు.

ఇప్పుడు తలుపు తట్టకుండానే ఇంట్లోకి వచ్చే దొంగ ఒకడున్నాడు. వీడియో కాల్‌లో యూనిఫాం, వెనకాల పోలీస్ స్టేషన్ గోడ, డిజిటల్ అరెస్టు అన్న మాట. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో చట్టంలో అటువంటి అరెస్టే లేదని చెప్పారు. ఇక్కడ బొంకేది వాడు. ఆ గోడ, ఆ యూనిఫాం అంతా నాలుగో పొగగొట్టమే. కోకోస్ స్టేషన్ వాళ్ళలా ఒక్క నిమిషం పరకాయించి చూస్తే గుడ్డ కనిపిస్తుంది. వాడితో వాదించి గెలవాల్సిన పని లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి.

మద్రాసు హైకోర్టు ప్రహరీకి ఎమ్డెన్ గుళ్ళు పడ్డ చోటు చెప్పే శిలాఫలకం ఒకటుంది. మాధవరం నుంచి బ్రాడ్వేకి బస్సులో వెళ్ళినప్పుడు దిగి చూడండి. తిరిగొచ్చాక ఆ సాయంత్రమే పక్కింటి తలుపు తట్టి, ఇడ్లీ పాత్ర సంగతి మాట్లాడుకోండి.