ఊరి వ్రాతయే ఊరి చెరువునకు కట్ట

1800లో నైజాము అనంతపురము సీమను దత్తమండలములలో భాగముగా ఆంగ్ల కుంపిణీకి అప్పగించెను. ఈ మండలములను కొలిపించి పటములు గీయించినవాడు కాలిన్ మెకంజీ. 1815లో ఇతడు భారతదేశపు తొలి సర్వేయరు జనరలు అయ్యెను. మొదట కావలి బొర్రయ్య, 1803లో ఆయన మరణించిన పిమ్మట సోదరుడు లక్ష్మయ్య ఇతనికి తోడ్పడిరి. వీరి మనుష్యులు ఊరూరు తిరిగి కరణముల లెక్కలు, శాసనములు, పెద్దల మాటలు సేకరించిరి. అట్లు పుట్టినవే కైఫియతులు. చెరువులు, మాన్యములు, దేవాలయముల వృత్తాంతములు వానిలో కలవు. 1821లో మెకంజీ గతించెను, వ్రాతలు నిలిచినవి.

వాన కరవైన మన సీమకు చెరువే ప్రాణము. హద్దు తెలియని చెరువు క్రమముగా పొలములలో కలిసిపోవును. కావున పంచాయతీ సభ్యులకు మా మనవి: చెరువు హద్దులు, వంకలు, తూములు, అలుగుల వివరములను తెలిసిన పెద్దలుండగానే అడిగి వ్రాయింపుడు.