తీర్పు కాదు, సాక్ష్యం చెప్పండి

చిరంజీవి శ్రావణికి,

మీ నాయన సంగతి విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. పది రోజులుగా ఎయిర్‌పోర్ట్‌లో ప్యాసింజర్ల సూట్‌కేసులు క్యాబ్ డిక్కీలోంచి దించుతుంటే ఛాతీ పట్టేసినట్టు అవుతోందని, సీట్లో కాసేపు కూర్చుంటే తగ్గుతోందని చెప్పావు. శంషాబాద్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లి "గ్యాస్ పట్టేసింది సార్" అన్నాడట, గ్యాస్ గోళీలు రాయించుకుని వచ్చాడట. నర్సింగ్ రెండో ఏడు చదువుతూ పక్కనే ఉండి కూడా నోరు పెగల్లేదని బాధపడ్డావు. రేపు పొద్దున్నే మళ్లీ తీసుకెళ్లమని ఫోన్‌లో చెప్పాను. అక్కడ ఏం మాట్లాడాలో మాత్రం ఫోన్‌లో చెబితే సగం జారిపోతుంది. అందుకే రాస్తున్నాను.

గ్యాస్ అనేది తీర్పు. తీర్పు చెప్పడం డాక్టరు పని. మనం చెప్పాల్సింది సాక్ష్యం. బయట నలభై మంది కూర్చుని ఉంటే, లోపలికి వచ్చినవాడు తన జబ్బు పేరు తానే చెబితే, ఎంత మంచి డాక్టరుకైనా ఆలోచన ఆ దారిలోనే పోతుంది. కాబట్టి రేపు మీ నాయన నోటి నుంచి మొదట రావాల్సిన వాక్యం ఇది: "పది రోజుల నుంచి బరువు ఎత్తితే ఛాతీ బిగుసుకుంటోంది సార్, కూర్చుంటే పోతోంది." అంతే. ఇది విన్న ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోడు.

ఎందుకంటే శ్రమ పడితే ఛాతీ పట్టేసే ఈ జబ్బును వైద్యులు గుర్తుపట్టిందే రోగుల మాటల్లోంచి. 1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు దీని గురించి తోటి వైద్యుల ముందు చదివి వినిపించినప్పుడు ఈసీజీ లేదు, రక్తపరీక్షలు లేవు. నడుస్తుంటే వస్తుంది, ఎత్తు ఎక్కుతుంటే, తిన్న వెంటనే నడిస్తే మరీ వస్తుంది, ఆగి నిలబడితే పోతుంది అని ఆయన రాశాడు. రోగులను ఓపికగా విని రాసిన మాటలవి. ఇన్నేళ్ల తర్వాత మీ నాయన చెబుతున్నదీ అదే.

ఇంకొకటి. "నొప్పి ఉందా?" అంటే "లేదు" అనేవాళ్లను దవాఖానలో ఎందరినో చూశాను. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు ఉన్నది బరువు, బిగుతు, మంట, గొంతు దాకా ఏదో ఎక్కినట్టు ఉండటం. నువ్వు నొప్పి అనే మాట ఆయన నోట్లో పెట్టకు. ఎక్కడో చేత్తో చూపించమను. గుండె వైపు నుంచి వచ్చే బాధను చాలామంది ఒక్క వేలితో చూపించరు, పిడికిలో అరచేయో ఛాతీ మీద పెట్టుకుంటారు. జబ్బకు గానీ, దవడకు గానీ, వీపుకు గానీ పాకుతోందా, చెమటలు పడుతున్నాయా, ఆయాసం వస్తోందా, ఎన్ని నిమిషాలు ఉంటోంది, రోజురోజుకీ తక్కువ పనికే వస్తోందా అన్నవి ఈ రాత్రే అడిగి కాగితం మీద రాసి పెట్టుకో. ఆ చివరిది మరీ ముఖ్యం. నిన్నటిదాకా సూట్‌కేసు ఎత్తితే వచ్చింది ఇవాళ నాలుగడుగులకే వస్తే ఆగకుండా ఎమర్జెన్సీకే పోవాలి.

వాడే గోళీలన్నీ స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకో. మగవాళ్లు సిగ్గుపడి దాచే గోళీ ఒకటుంది. వయాగ్రా తరహా మందు వేసుకున్న ఒకటి రెండు రోజుల్లోపు నాలుక కింద సార్బిట్రేట్ అనే గుండె నొప్పి గోళీ పెడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కూతురివి నువ్వు అడగలేవు, నాకు తెలుసు. డాక్టరుకు ఆయన ఒంటరిగా చెప్పుకునే వీలు కల్పించి రెండు నిమిషాలు బయటికి రా, చాలు. ఆయన గుట్కా అలవాటు సంగతి మాత్రం నీ ముందే చెప్పించు. మీ తాతకు యాభై దాటగానే గుండెపోటు వచ్చిందనీ చెప్పు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు సగటున మన దక్షిణాసియా వాళ్లకు 53 ఏళ్లకు, మిగతా దేశాలవాళ్లకు దాదాపు 59 ఏళ్లకు వచ్చినట్టు తేలింది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పటి నుంచి రాత్రిళ్లు క్యాబ్ నడుపుతున్న మనిషికి 48 ఏళ్లంటే చిన్న వయసేమీ కాదు.

ఇక నీ మాట. ఈసీజీ తీసి నార్మల్ అన్నారనుకో. నమస్కారం పెట్టి వచ్చేయకు. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ మామూలుగా ఉండొచ్చు, గుండెపోటు మొదలైన కొత్తలో కూడా ఒక్కోసారి ఏమీ కనిపించదు. గుండె కండరం దెబ్బతింటే బయటపడే ట్రోపోనిన్ రక్తంలో పెరగడానికి గంటలు పడుతుంది, అందుకే దాన్ని మళ్లీ చేస్తారు. మెల్లగా, మర్యాదగా అడుగు: "సార్, గుండెది కాదని దేన్నిబట్టి అనుకోవచ్చు? ఈసీజీ మళ్లీ ఎప్పుడు తీయించాలి? ఏం జరిగితే వెంటనే రావాలి?" ఇలా అడగడం ఎదురు మాట్లాడటం కాదు. ముందు ముందు నువ్వు క్యాజువాలిటీలో డ్యూటీ చేసేటప్పుడు కూడా ఇదే అవసరం. ఛాతీ బాధతో వచ్చినవాళ్లకు 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరుకు చూపించాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. తొమ్మిదో నిమిషంలో "సార్, ఈ ఈసీజీ చూడండి" అని అనాల్సింది నువ్వే. మీ నాయనకు తీసిన ప్రతి ఈసీజీని ఫోన్‌లో ఫొటో తీసుకో. పాతది పక్కన ఉంటేనే కొత్తదాంట్లో మార్పు తెలుస్తుంది.

బాధ కూర్చున్నా తగ్గకపోతే, పావుగంట దాటితే, చెమటలు పోస్తే, వీటిలో ఏది జరిగినా 108కు ఫోన్ చెయ్యి. ఆ అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది, పైసా తీసుకోరు. మీ నాయన డ్రైవరు కాబట్టి "నేనే నడుపుకుంటూ పోతా" అంటాడు. ఒప్పుకోవద్దు. ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక మెహిదీపట్నం దాకా 11 కిలోమీటర్ల పైన వంతెన మీదే ఉంటాడు. అక్కడ గుండె ఆగితే ఆయనకూ దిక్కుండదు, వెనక వచ్చే బండ్లకూ ప్రమాదమే. ఆస్పిరిన్ 108 వాళ్లు చెబితే, పడని మందు కాకపోతే నమిలించు.

మన దేశంలో ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చెబుతాను. 89 ఆసుపత్రుల్లో 20,468 మంది గుండె రోగుల వివరాలు సేకరించిన క్రియేట్ అధ్యయనం 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. బాధ మొదలయ్యాక సగం మంది ఆసుపత్రి చేరేసరికి 360 నిమిషాలో, అంతకన్నా ఎక్కువో గడిచిపోయాయి. చేరాక గడ్డ కరిగించే మందు పడటానికి 50 నిమిషాలు. ఆ ఆరు గంటలూ ఇంట్లో, దారిలో, "తెల్లారాక చూద్దాం"లో పోయినవే. నాకు ఈ లెక్క చదివిన ప్రతిసారీ కడుపులో దేవినట్టవుతుంది.

మీ నాయన బండి ఎక్కేవాళ్లను తలుచుకో. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి దుబాయికి, రియాద్‌కు పోయే పిల్లలు అక్కడ ఛాతీ పట్టేస్తే క్యాంపులో చెప్పరు. వెనక్కి పంపేస్తారని భయం, డాక్టరుతో మాట్లాడే భాష లేదు. ఎందరో పెట్టెల్లో శంషాబాద్ కార్గోకు తిరిగి వస్తున్నారు, చాలామంది కాగితాల మీద గుండె ఆగిందని రాసి ఉంటుంది. అలాంటి ఊళ్ల నుంచి వచ్చే నీ క్లాసు పిల్లలకు చెప్పు, అన్నదమ్ములకు "ఛాతీలో బాధ, మొదలై ఇంతసేపైంది" అనే రెండు ముక్కలు హిందీలో, ఇంగ్లిషులో నేర్పి పంపమని.

అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చే పెద్దవాళ్లది ఇంకో కథ. బిల్లుకు భయపడి "ఇండియా వెళ్లాక చూపించుకుందాం" అని ఓర్చుకుంటారు. విమానంలో గాలి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచన, గుండెకు అదొక భారం. నాలుగు గంటలు దాటిన ప్రయాణం తర్వాత కాలు వాచి, ఆయాసంతో ఛాతీ నొప్పి వస్తే ఊపిరితిత్తుల్లో గడ్డ కావచ్చు. విమానం దిగి ఎన్నాళ్లైందో డాక్టరు అడక్కపోయినా చెప్పాలి.

మీ అమ్మను మరిచిపోకు. ఆడవాళ్లకూ ఛాతీ బాధే ఎక్కువగా వస్తుంది, కానీ దాంతోపాటు వికారం, ఆయాసం, వీపు నొప్పి, నీరసం మగవాళ్లకన్నా తరచుగా ఉంటాయి. ఛాతీ నొప్పి మీద వచ్చిన 2021 అమెరికా మార్గదర్శకాలు ఈ సంగతి ప్రత్యేకంగా రాశాయి. దవాఖానలో ఆమె బదులు మీ నాయనే జవాబులు చెబుతాడు. అడ్డుపడి, "అమ్మను చెప్పనివ్వు నాయనా" అను.

రేపు ఏడు గంటలకల్లా బయల్దేరండి. రాత్రి ట్రిప్పు వద్దని నేను చెప్పానను, నా మాట కాదనడు. ఆటోలో పోండి, స్టీరింగు ఆయన చేతికి ఇవ్వకు. లోపలికి వెళ్లే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తమ్మ