రక్తహీనతయు బాలికల మనస్సును

పాఠమున మనస్సు నిలువక, చిన్న మాటకే కంటతడి పెట్టు బాలికను సోమరియని గద్దించుట మనకు వాడుక. గద్దించుటకు ముందు ఆమె యేమి తినుచున్నదో విచారింపవలదా? ఇనుము రక్తమునకే గాక మెదడునకును కావలయును. అది కొరవడినచో బడలిక, చిరాకు, మరపు కలుగును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదని తేలినది.

మునగాకు, తోటకూర, రాగులు, ఉలవలు మనకు క్రొత్తవి కావు. వానితో నిమ్మరసము చేర్చినచో అందలి యినుము బాగుగా ఒంటబట్టును. భోజనముతోడనే టీ త్రాగినచో అంతగా పట్టదు. ఆ టీయే ప్రొద్దుటి యాహారముగా బడికి వచ్చువారు మనలో లేకపోలేదు! బాలల విచారమంతయు ఆహారలోపమే యనరాదు. కాని ముఖము పాలిపోయి, మెట్లెక్కగానే ఆయాసము కలుగుచున్నచో, తల్లిదండ్రులు వైద్యునిచే రక్తపరీక్ష చేయింపవలెను.