రెల్లుగడ్డి విలువ

కశింకోట విద్యార్థులకుఁ జెఱకుతోఁటయు, బెల్లపుగానుగయు నెఱుఁగనివి కావు. చెఱకునకుఁ జుట్టమైన రెల్లుగడ్డిని మాత్రము మనము పనికిరానిదని త్రోసివేయుదుము. దాని విలువ నెఱిఁగిన యొక విదుషీమణిని గూర్చి యిచట వ్రాయుచున్నాము.

జానకి అమ్మాళ్ గారు 1897లో మలబారునందలి తలచేరిలో జన్మించిరి. మదరాసు విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో బోధించుచుండఁగా, ఆసియాఖండ స్త్రీల కుద్దేశింపఁబడిన బార్బర్ విద్యార్థివేతనము వారికి లభించెను. దానితో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునఁ జదివి 1931లో డాక్టరు పట్టమునందిరి. పిమ్మటఁ గోయంబత్తూరు చెఱకు పరిశోధనాలయమునఁ బనిచేసిరి.

ఆ పరిశోధనాలయమువారు 1918 నాఁటికే చెఱకును రెల్లుతో సంకరపఱచి కో. 205 అను వంగడమును వెలువరించి యుండిరి. రెల్లుతో సంకరమేల యందురా? తీపిచెఱకు సుకుమారము, రెల్లు తెగుళ్లకును, అనావృష్టికిని ఓర్చును. ఆ యోర్పును జెఱకున కెక్కించుటయే వారి యుద్దేశము. జానకి అమ్మాళ్ గారు చెఱకును మొక్కజొన్నతోను సంకరపఱచి, చెఱకు, రెల్లు మొదలగువాని కణములందలి క్రోమోజోములను బరీక్షించిరి. మన యనకాపల్లిలో 1913లో స్థాపింపఁబడిన పరిశోధన కేంద్రమును మేలైన చెఱకువంగడములకై పాటుపడుచున్నది.

అడవిమొక్క నశించినచో రేపటి పంటకు వలయు గుణమును దానితో నశించును. జానకి అమ్మాళ్ గారు వార్ధక్యమునఁ గూడఁ గేరళలోని సైలెంట్ వ్యాలీ యడవిని ముంచనున్న జలవిద్యుత్పథకము నెదిరించిరి. వారు 1984 ఫిబ్రవరిలో మరణించిరి. ఆ యేఁడే నవంబరులో ఆ యడవి జాతీయోద్యానమయ్యెను.

విదేశవిద్యను గోరు విద్యార్థులారా! మొదట మీ పొలముగట్లమీఁది మొక్కలను బేరుపేరున నెఱుఁగుఁడు.